తబితమ్మ ఆదివారపు ఇమేజ్

రహమత్ నగర్‌లో తబిత వాళ్ళది రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు, ప్రింటరు. ఇరవై రెండేళ్ళుగా ఫిల్మ్‌నగర్ రచయితలు చేతిరాత కాగితాలు పట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కుతున్నారు. ఎంత గజిబిజి దస్తూరీ అయినా తబిత తడుముకోకుండా చదువుతుంది. తెనాలి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషను మీద ఆరితేరిన వేళ్ళు ఆమెవి. రచయిత డైలాగు చెబుతుంటే కీబోర్డు వంక చూడకుండా కొట్టేస్తుంది.

పన్నెండేళ్ళ కిందట ఒకసారి ఆమె కంప్యూటర్లో డిస్కు పోయింది. ఒక పెద్దాయన ఏడాదిపాటు దిద్దుకున్న స్క్రిప్టు అందులోనే ఉంది. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుని, "సర్లేమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆమె వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. గీతలు పడ్డ సీడీని తుడిచి తుడిచి దాన్ని మళ్ళీ ఎక్కించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆ సీడీ ఇక తిరగలేదు.

ఆ పెద్దాయన తిట్టి ఉంటే ఆమె మర్చిపోయేదేమో. ఆ "సర్లేమ్మా" మాత్రం చెవిలో ఉండిపోయింది. ఇంగ్లీషు వీడియోలు ఆపి ఆపి చూసి, అర్థంకాని మాటలు నోటుబుక్కులో రాసుకుని, డిస్క్ ఇమేజ్ అంటే ఏమిటో నేర్చుకుంది. ఫైళ్ళు మాత్రమే దాచుకుంటే స్క్రిప్టులు దక్కుతాయి గానీ సాఫ్ట్‌వేరూ ఫాంట్లూ పోతాయి. ఇమేజ్ తీస్తే డిస్కులో ఉన్నదంతా, విండోస్‌తో సహా, ఎక్కడిదక్కడ ఒకే పెద్ద ఫైలుగా బయటి డిస్కులోకి వస్తుంది. డిస్కు పోతే కొత్తది బిగించి, ఆ ఇమేజ్‌ని దానిమీదకి దింపుకోవచ్చు.

ప్రతి ఆదివారం ఆరాధనకి గుడికి బయల్దేరేముందు ఇమేజ్ తీయడం ఆమెకి అలవాటైపోయింది. దానికి రెండు బయటి డిస్కులు కొంది. ఒక వారం ఒకటి, మరో వారం రెండోది. పనిలో లేనిది మధురానగర్‌లో చెల్లెలు జాయ్స్ ఇంట్లో ఉంటుంది. వారం మధ్యలో టైపు చేసిన సీన్లు ఏ రోజువి ఆ రోజు హ్యాండ్‌బ్యాగులోని పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తాయి.

"కంప్యూటర్‌కి వారం వారం ఫోటోలు తీస్తావేంటే?" అని భర్త శామ్సన్ నవ్వేవాడు.

"ఫోటోలోంచి మనిషి లేచి రాడుగా. ఇందులోంచి వస్తుంది," అనేది.

ఆర్నెల్లకోసారి ఆ ఇమేజ్‌ని ఒక పాత డిస్కు మీదకి దింపి, కంప్యూటరు దాంతో తెరుచుకుంటుందో లేదో చూసుకునేది కూడా.

పోయిన జూన్‌లో ఒక ఆదివారం ఉదయం ఇమేజ్ సగంలో ఉండగా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద శబ్దంతో పేలింది. కంప్యూటర్లోంచి కాలిన వాసన వచ్చింది. గుడి సంగతి వదిలేసి, భార్యాభర్తలు దాన్ని యూసుఫ్‌గూడలో తెలిసిన రిపేరు షాపుకి తీసుకెళ్ళారు. పవర్ సప్లై మారిస్తే చాలుగానీ డిస్కు మాత్రం పోయిందన్నాడు షాపతను. దానికి తగిలించి ఉన్న బయటి డిస్కూ పోయింది.

కబురు తెలిసి, ఆమె చేత స్క్రిప్టు టైపు చేయించుకుంటున్న కుర్ర రచయిత తిరుమలేశ్ షేక్‌పేట నుంచి బండి మీద వచ్చేశాడు. అతనికిది మొదటి సినిమా. మర్నాడు పదకొండింటికి జూబ్లీహిల్స్ ఆఫీసులో హీరోకి, నిర్మాతకి స్క్రిప్టు చదివి వినిపించాలి.

"ఏంది అక్కా, మొత్తం పోయిందా?" అన్నాడు షాపు గుమ్మంలోనే. "తొమ్మిదిసార్లు రాసిన సీను ఉండె అండ్ల. నా దగ్గర పాత కాయితాలే ఉన్నయ్."

"పోలేదు బాబూ. సాయంత్రానికి మీ చేతిలో పెడతాను," అంది. గొంతు మామూలుగానే ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

షాపతను చిన్న సైజు కొత్త డిస్కు ఒకటి తీశాడు. "మీకు ఇది సరిపోతది మేడమ్."

"సరిపోదండీ. ఇమేజ్ తీసింది వెయ్యి జీబీ డిస్కులోంచి. అంతకంటే చిన్నదైతే మొరాయిస్తుంది. అంతదైనా, పెద్దదైనా ఇవ్వండి."

అతను పవర్ సప్లై మార్చి, పెద్ద డిస్కు తీసి బిగించాడు.

శామ్సన్ మధురానగర్ వెళ్ళి, జాయ్స్ బీరువాలో తువ్వాలులో చుట్టి ఉన్న రెండో డిస్కు తెచ్చాడు. పోయిన ఆదివారం ఇమేజ్ అందులో ఉంది. అప్పటికి వీధిలో కరెంటు వచ్చింది. తబిత ఇంట్లో కంప్యూటరు బల్ల మీద పెట్టి, ఇలాంటి రోజు కోసమే తయారు చేసుకున్న వేరే పెన్‌డ్రైవ్‌తో దాన్ని తెరిచింది. ఇమేజ్ ఎంచుకుంది. దింపాల్సిన డిస్కు ఎంచుకుంది. దాని మీద ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది తెర. అక్కడ ఆగింది. పొరపాటున ఇమేజ్ ఉన్న డిస్కునే ఎంచుకుంటే అంతటితో ఆఖరు. పేరూ సైజూ రెండుసార్లు సరిచూసుకుని నొక్కింది.

గంటంపావు పట్టింది. తిరుమలేశ్ కుర్చీలో కూర్చోలేక గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాడు. "జర కూసో తమ్మీ," అని శామ్సన్ అతని యాసలోనే అని, పప్పన్నం పెట్టాడు. తబిత మాత్రం తినలేదు.

కంప్యూటరు మళ్ళీ తెరుచుకుంది. తెరమీద గుడి మెట్ల మీద నించున్న అమ్మ అంతోనమ్మ ఫోటో, దాని చుట్టూ ఎక్కడి ఫోల్డర్లు అక్కడ. తబిత టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్క వాక్యం కొట్టింది. ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా పడ్డాయి. హ్యాండ్‌బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఈ వారం సీన్లన్నీ చేర్చింది. తొమ్మిదిసార్లు రాసిన ఆ నలభై ఒకటో సీను తెరిచి, కుర్చీ తిరుమలేశ్ వైపు జరిపింది.

అతను మొదటి డైలాగు నుంచి చివరిదాకా చదివాడు. "ఒక్క అక్షరం గూడ పోలే అక్కా," అన్నాడు మెల్లగా.

"పోనివ్వలేదు," అంది తబిత. పన్నెండేళ్ళ ఆదివారాలన్నీ ఆ మాటలో ఉన్నాయని ఆమెకి ఒక్కదానికే తెలుసు. అప్పుడు వెళ్ళి కంచం పెట్టుకుంది.

మర్నాడు స్క్రిప్టు నచ్చిందని ఫోన్ వచ్చింది. తిరుమలేశ్ ఆ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. ఇమేజ్ కథ తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. నెల తిరక్కుండా ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసు పైగదిలో పన్నెండుమంది రచయితలు లాప్‌టాప్‌లతో కూర్చుంటే, ఇమేజ్ తీయడం నేర్పడానికి తబిత వాళ్ళ ముందు నిలబడింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో ఆమె నోటుబుక్కు.

"మీలో కాపీలు తీసుకునేవాళ్ళు ఎంతమంది?" అని అడిగింది. ఏడు చేతులు లేచాయి. "ఆ కాపీని ఒక్కసారైనా తిరిగి దింపి చూసినవాళ్ళు?" చేతులన్నీ దిగిపోయాయి.

ముందు వరసలో కూర్చున్న పోచయ్య గారు, యాభై సినిమాలకు మాటలు రాసినాయన, తన లాప్‌టాప్ ఆమె ముందుకు జరిపాడు. "నాకు గివన్నీ రావు తల్లీ. నువ్వే తియ్యి."

తబిత దాన్ని మళ్ళీ ఆయన వైపే తిప్పింది. "మీరే తీస్తారండీ. నేను పక్కన కూర్చుంటాను," అని కుర్చీ లాక్కుంది.