దానకర్ణుల డబ్బా

అన్ని చేతిగడియారాలున్న మనిషి సొంత చేతికి ఒక్కటైనా ఎందుకు కట్టుకోలేదు? ఆయన్నే అడగవలసింది, అడగలేదు. ఇప్పుడు నా వయసు ఆయన అప్పటి వయసును దాటిపోయింది. జవాబు మాత్రం నాకు తట్టలేదు.

ఆయన నాకు తోడల్లుడు, మా ఆవిడ అక్క భర్త. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేరి మెకానిక్కుగానే రిటైరయ్యాడు. పొట్టి మనిషి. వెడల్పాటి చేతులు, గోళ్ళ కింద ఎంత తోమినా వదలని గ్రీజు. ఆ చేతులతోనే చీమ తలకాయంత మరమేకుని పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, గడియారం కడుపులో దించేవాడు. చూసేవాళ్ళం కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఆదివారం పొద్దున ఆ ఇంటికి వెళితే, ముందుగదిలో చాప మీద గడియారాలన్నీ పరిచి ఒక్కొక్కదానికీ కీ ఇస్తూ కనిపించేవాడు. అన్నీ నడవడం మొదలుపెట్టాక గదంతా రేకుల కప్పు మీద సన్నటి తుంపర పడుతున్నట్టు ఉండేది. "ఇన్ని గడియారాలున్నాయి, ఏనాడైనా వేళకి అన్నానికి లేచారా?" అని వంటింట్లోంచి మా వదిన అడిగేది. ఆయన నవ్వి ఇంకోదానికి కీ ఇచ్చేవాడు.

అవన్నీ కొన్నవి కావు. పాతసామాన్ల బజారులో ఏరినవి కొన్ని. ఎక్కువ భాగం చుట్టాలవి. ఎవరింట్లో గడియారం ఆగినా "పారేయకండి, నాకివ్వండి" అనేవాడు. ఎవరైనా పోతే పరామర్శకు వెళ్ళి, మూడు మంచిమాటలు చెప్పి, నాలుగో మాటగా ఆ పోయినాయన గడియారం సంగతి ఎత్తేవాడు. ఆయన చూడటానికి వస్తున్నాడంటే జబ్బుమనిషి ముందు గడియారం దాచుకోవాలని మా వాళ్ళలో ఒక హాస్యం.

బస్సు డిపోలో ఒక పద్ధతి ఉండేది. కొత్త సామాను కావాలని రాస్తే, అది వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. అందుకని బాగా దెబ్బతిన్న బండినొకదాన్ని షెడ్డు వెనక నిలబెట్టి, అవసరం పడ్డప్పుడల్లా దాని ఒంట్లోంచి ఒకటి ఊడదీసి తిరిగే బండికి బిగించేవారు. చివరికి దానికి పై డొల్ల తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ బండిని దానకర్ణుడు అనేవారు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పదిమంది ప్రయాణం సాగేది. దానకర్ణుణ్ణి వెనక్కి ఇమ్మని ఎవరూ అడగరు.

మా తోడల్లుడు ఆ పద్ధతిని ఇంటికి తెచ్చుకున్నాడు. బీరువా అడుగున ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉండేది. ఒకదాని ముల్లు ఇంకోదానికి, దాని అద్దం మరోదానికి ఇచ్చేసి ఖాళీ అయిన గడియారాలన్నీ అందులో ఉండేవి. దాని పేరు కూడా దానకర్ణుల డబ్బాయే.

మోకాళ్ళు మెట్లెక్కనివ్వక, వాళ్ళు మూడో అంతస్తు ఖాళీ చేసి కింద ఒక చిన్న వాటాలోకి మారవలసి వచ్చింది. మా వదిన నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి చాప మీద గడియారాలు, వాటి ముందు ఆయన.

"ఆ ఇంట్లో మేమిద్దరం పట్టడమే గగనం మరిదిగారూ. వీటికి తలా ఒక సంబంధం చూసి పంపించేయమన్నాను. ఒక్కటి ఉంచుకోనిచ్చాను. ఒక్కటంటే ఒక్కటే."

"తమ్ముడూ, నువ్వు చదివే మనిషివి. వీటిని ఎట్లా పారేస్తాం, నువ్వే చెప్పు."

"ఆయన్ని అడుగుతారేం? ఆయనింట్లో మంచం కింద కూడా పుస్తకాలేనట. దొందూ దొందే."

నేను ఆయన ఇచ్చినవాటిని తుడిచి పక్కన పెట్టాను. నడిచేవి చుట్టాలకు, నడవనివి బజారు మనిషికి. ఉంచుకునేది ఏదో నాకు ముందే తెలుసు. దాని పేరు నల్లదొర. నల్లటి మొహం, లేత ఆకుపచ్చ అంకెలు. ఆ కంపెనీవాడు ఆ తరహావి కొద్దిగానే చేసి ఆపేశాడట. ఎవరొచ్చినా ఆయన ముందు అదే చూపించేవాడు. మా వదిన దాన్ని "మీ చిన్నింటావిడ" అనేది.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయనకు చెవి కాస్త మందం కావడంతో అవతలి మాట గదంతా వినిపించేది. ఆయన చెల్లెలు.

"ఏం అన్నయ్యా, అందరికీ గడియారాలు పంచుతున్నావట. కడుపుకి తినకుండా పోగేసినవాడివి, ఇంత దాత ఎప్పుడయ్యావు?"

"నీకూ ఒకటి పంపిస్తాలేవే. బంగారు రంగుది ఉంది."

"నాకు బంగారమూ వద్దు, వెండీ వద్దు. మా ఆయనది నాకిచ్చేయి. ఈమధ్య నిద్ర పట్టడం లేదు. దిండు కింద పెట్టుకుని ఆ చప్పుడు వింటూ పడుకుంటాను. ఆదివారం తీసుకురా."

ఆయన "సరే" అని ఫోను పెట్టేశాడు.

ఆమె భర్త అదే డిపోలో డ్రైవరు. మేమందరం డ్రైవరు బావ అనేవాళ్ళం. ఆయన చేతిగడియారం ఎప్పుడూ ముందుకు పరిగెత్తేది. దాన్ని నమ్మి ఆయన బండి ముందే తీసేసి, వెనక పరిగెత్తుకొచ్చే జనం చేత తిట్లు తినేవాడు. పెళ్ళిళ్ళకు వంటవాళ్ళ కంటే ముందు చేరేవాడు. చివరికి పోవడంలోనూ మా అందరికంటే ముందే ఉన్నాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకు, అది బల్ల మీద ఆగిపోయి కనిపిస్తే ఆమె చూడలేకపోయిందట. అన్నయ్యని పిలిచి, "నీ దగ్గరైతే నడుస్తూ ఉంటుంది. నాకు కావాలనిపించినప్పుడు అడుగుతాను" అని చేతిలో పెట్టింది. చుట్టాల గడియారాల్లో అన్నయ్య అడగకుండా వచ్చినది అదొక్కటే.

మా తోడల్లుడు లేచి, బీరువా అడుగునుంచి రేకుడబ్బా తెచ్చాడు. వెతక్కుండానే చెయ్యి పెట్టి డ్రైవరు బావ గడియారం తీశాడు. తెల్లటి మొహం, అంచున గీతలు పడ్డ చుట్టు, ముళ్ళు. వెనక మూత తిప్పితే లోపల ఖాళీ.

"నల్లదొర లోపల తుప్పు తినేసింది తమ్ముడూ," అన్నాడు నా వైపు చూడకుండా. "రెండూ ఒకే కంపెనీవి, ఒకే యంత్రం. ఇది ఊరికే నడుస్తోంది. అది నడవాలి గదా అని..."

వదిన బట్టలు మడతపెడుతున్నదల్లా చేతులాపింది.

"మళ్ళీ అందులోంచి తీసి ఇందులో పెట్టేస్తే సరిపోతుందిగా అన్నయ్యా," అన్నాను.

ఆయన నల్లదొర వెనక మూత తీశాడు. లోపల డ్రైవరు బావ యంత్రం చకచకా ఆడుతోంది. దాని మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు. పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"తీస్తే ఇది ఆగిపోతుంది."

"ఆగితే ఆగనివ్వండి," అంది వదిన.

ఆయన పట్టకారు కింద పెట్టి, నల్లదొర మూత బిగించి, చొక్కా జేబులో వేసుకున్నాడు. చాప మీద నడిచేవాటిలోంచి అదే కంపెనీది ఇంకొకటి తీసుకున్నాడు. అది ఒకప్పుడు ఎవరో కాంపౌండరుది. దాని కడుపు విప్పి, యంత్రం తీసి డ్రైవరు బావ గడియారంలోకి దించాడు. ముళ్ళు పెట్టి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నడవడమేగా కావలసింది," అన్నాడు.

నేను ఇంకో మాట అని ఉండవలసింది. తుడిచిన గడియారాన్నే మళ్ళీ తుడిచాను.

"మొహం ఒకరిది, ప్రాణం ఒకరిదీ పెట్టి ఆడపడుచు చేతికిస్తారా? ఆవిడ ఎదురుగా కూర్చుని నేను మొహం ఎక్కడ పెట్టుకోను? నేను రాను. మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళండి."

అలా ఆదివారం నేను వెళ్ళాను. దారిలో బస్సులో ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. డిపో దాటుతుంటే మాత్రం, షెడ్డు వెనక ఏదో బండి నిలబెట్టి ఉందని నాకు చూపించబోయి, చెయ్యి దించేసుకున్నాడు.

ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. మెళ్ళో టేపు, నేలంతా దారప్పోగులు, కిటికీ పక్కన మిషను. మమ్మల్ని చూడగానే కుర్చీల మీద ఉన్న గుడ్డముక్కలు ఎత్తేసింది.

"రండి అన్నయ్యగారూ. మా వదిన రాలేదేం?"

"తలనొప్పమ్మా," అన్నాను.

"ఉండదూ మరి. ఇన్నేళ్ళు ఆ టిక్కుటిక్కుల మధ్య కాపరం చేసింది. నేనైతే ఎప్పుడో ఒక సుత్తి తెచ్చుకునేదాన్ని."

మా తోడల్లుడు నవ్వలేదు. జేబురుమాలులో చుట్టి తెచ్చింది ఆమె చేతిలో పెట్టాడు. ఆమె విప్పి, తెల్లటి మొహం మీద బొటనవేలు రాసింది. అంచున గీతలను ఒకదాని తర్వాత ఒకటి తడిమింది.

"ఇదుగో, ఇది బానెట్టు తగిలినప్పటిది. ఇది మా చిన్నది పళ్ళతో కొరికింది."

"బాగా నడుస్తోంది," అన్నాడు ఆయన. "శుభ్రం చేశాను."

"దీనికి కీ ఇచ్చింది ఎప్పుడూ నేనే అన్నయ్యగారూ," అంది నా వైపు తిరిగి. "ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడి ఇచ్చేదాన్ని. ఆయనకిస్తే మరిచిపోయేవాడు. నాలుగు మెలికలు తిప్పేసరికి మొరాయించేది. మొండిఘటం. కాస్త వెనక్కి తిప్పి బుజ్జగిస్తే గానీ కదిలేది కాదు."

చెబుతూనే తిప్పుతోంది. మెత్తగా తిరిగింది. ఇంకా తిరిగింది. ఆమె వేళ్ళు ఆగాయి. వెనక్కి కొద్దిగా తిప్పి, బుజ్జగించినట్టే చేసి, మళ్ళీ ముందుకు తిప్పింది. ఎక్కడా మొరాయించలేదు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది. ఆమె మొహంలో కోపం కోసం చూశాను. కోపం వచ్చి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

"లోపల ఎవరిది అన్నయ్యా?"

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. వేళ్ళు లోపలికి దిగాయి. గది నిశ్శబ్దంగా ఉంది. ఆమె చేతిలోని చప్పుడు ఒకటి, జేబులోని చప్పుడు ఒకటి, రెండూ నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమెకూ వినిపించి ఉండాలి. జేబులోది కాస్త తొందరగా కొట్టుకుంటోంది. ఆయనొక్కడికే, ఆ చెవులతో, వినబడి ఉండదు. ఆయన చూపు నేల మీది దారప్పోగుల మీద ఉంది. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఏదో అనడానికి నోరు తెరిచి, "శుభ్రం చేశానమ్మా," అని మాత్రం మళ్ళీ అన్నాడు. జేబులోకి పోయిన చెయ్యి ఉత్తదే బయటికి వచ్చింది.

"పోనీలే," అంది ఆమె. "ఎవరిదైతేనేం. పాపం, అదీ ఎవరో ఒకరిదేగా." గడియారాన్ని మిషను మీద, కత్తెర పక్కన పెట్టింది. "కూర్చోండి, టీ పెడతాను. అన్నయ్యకి పంచదార లేకుండా."

వంటింట్లో గిన్నె చప్పుడు, పొయ్యి వెలిగిన చప్పుడు. మా తోడల్లుడు లేచాడు. నీళ్ళకేమో అనుకున్నాను. చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, బయటికి పోయాడు. నాకేసి ఒక్కసారైనా చూడలేదు.

ఆమె మూడు కప్పులతో వచ్చింది. ఖాళీ కుర్చీని చూసింది. పంచదార లేని కప్పు మిషను మీద పెట్టి, దాని మీద సాసరు బోర్లించింది.

"చిన్నప్పుడూ ఇంతే అన్నయ్యగారూ. ఏదైనా పగలగొడితే అన్నానికి పిలిచేదాకా ఇంట్లోకి వచ్చేవాడు కాదు."

"పిలవనా అమ్మా?"

ఆమె కిటికీ దాకా వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆయన అప్పటికి చెప్పులు తొడుక్కుని, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా గబగబా నడుస్తున్నాడు. స్టాపులో బస్సు ఆగి ఉంది. కండక్టరు ఎక్కమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన బస్సు వైపూ చూడలేదు, కిటికీ వైపూ చూడలేదు. చొక్కా జేబును అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని, దాని చప్పుడు బయటికి వినబడకూడదన్నట్టు, సందు మలుపు తిరిగిపోయాడు.