ఆపుకున్న దగ్గు

మానుకోటలో ప్యాసింజర్ రైలెక్కినప్పుడు నా ఎదురుగా ఒకామె కూర్చుంది. నలభై ఏళ్లుంటాయేమో. కాజీపేట దాటినంక ఉన్నట్టుండి కొంగు నోట్లో కుక్కుకుని ముందుకు వంగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ల నిండా నీళ్లు. నేను భయపడి నీళ్ల సీసా అందించాను.

"దగ్గొస్తే దగ్గు అక్కా. ఎందుకట్ల ఆపుకుంటున్నవ్?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఉబ్బసం చెల్లె. చిన్నప్పటి సంది ఉన్నది. జనగామల పత్తి మిల్లుల పని జేస్త. కరోనప్పుడు దగ్గుతున్ననని పనికి రావద్దన్నరు. ఇది అంటుకునే రోగం కాదని ఎంత మొత్తుకున్నా ఇనలే. మల్ల పిలిచినంక గిట్ల ఆపుకునుడు నేర్చుకున్న."

"ఇది మిల్లు కాదు కదక్కా," అన్నాను.

అప్పుడు దగ్గింది. రఘునాథపల్లి దాటేదాకా దగ్గుతూనే ఉంది. పక్కనున్న ఇద్దరు లేచి వేరే సీట్లోకి పోయారు. నేను ఆమె పక్కకు జరిగి వీపు నిమిరాను. సంచిలోంచి పంపు తీసి మందు పీల్చుకున్నాక మెల్లగా తేరుకుంది.

జనగామలో దిగేముందు నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల కడుపునిండ దగ్గిన చెల్లె," అని నవ్వింది.

పెళ్లిలో భోంచేసొచ్చినవాళ్లు చెప్పినంత తృప్తిగా చెప్పింది. నేను తిరిగి నవ్వలేకపోయాను.