నూలుతో అంటగట్టిన రంగు డబ్బాలు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, చైత్రమాసంలో, నన్ను ఒడిశాలోని కొట్పాడ్ నూలు డిపోకి మేనేజరుగా వేశారు. నేతవాళ్ళకి చిలపల లెక్కన, అంటే చుట్టిన కట్టలుగా, నూలు అమ్మే దుకాణం ఆ చుట్టుపక్కల మాదొక్కటే.

గోదాములో రసాయనపు రంగు డబ్బాలు పేరుకుపోయాయి. వాటిని ఎలాగైనా కదిలించమని పైఆఫీసు ఉత్తర్వు. నూలునీ డబ్బానీ కలిపి ‘సెట్టు’ చేశాను. రెండూ వేరువేరుగా కొంటే అయ్యేదానికన్నా ధర కాస్త తగ్గించి, విడి నూలు అమ్మకం ఆపేశాను. మమ్మల్ని కాదని ఎక్కడికి పోతారన్నదే నా ధైర్యం. స్టోరుకీపరు రత్నమ్మది బొబ్బిలి. "ఆళ్ళు తొగరుసెట్టు ఏళ్ళు ఉడకబెట్టి రంగేసుకుంటారు సారూ, ఈ డబ్బాలు ఏటి సేసుకుంటారండి?" అంది. నా చెవికెక్కలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా!

సుబర్ణ అనే ముసలావిడ మనవరాలి పెళ్లిచీర నేయడానికి నూలు ఒక్కటే ఇమ్మని అడిగింది. కుదరదన్నాను. అడిగినంతా కట్టి సెట్లే తీసుకెళ్ళింది. రెండు నెలల్లో గోదాము ఖాళీ అయింది. పైఆఫీసు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాన్ని నలుగురికీ చూపించుకున్నాను.

కొత్త రంగులు ఎలా ఉన్నాయో రిపోర్టు రాయాలని తొలకరిలో రత్నమ్మతో సుబర్ణ ఇంటికి వెళ్ళాను. ఇంట్లో కురవని మూల ఒక్కటే ఉంది. అక్కడ ఇటుకల మీద, దుప్పటి కప్పి, సీలు తీయని డబ్బాలున్నాయి. ఆముదం పట్టించి, తొగరు అద్ది, నెల్లాళ్ళు కష్టపడి సిద్ధం చేసిన పెళ్లినూలు మాత్రం చూరు కింద తడిసి బూజు పట్టింది.

ఆవిడ అక్కడి వాడుకభాష దేశియాలో చెప్పింది రత్నమ్మ నాకు తెలుగులో చెప్పింది. "డిపోలో సోటు సాలక ఈ డబ్బాలు దాసమన్నారనుకున్నాదట సారూ. ఈటికని ఎక్కువ కట్టించుకున్నది తిరిగిచ్చే అడ్వాన్సు అనుకున్నాదట. డబ్బాలు తడిస్తే మీకు మాటొస్తాదని ఆ మూల ఇచ్చేసినాదట."

సిగ్గేసింది. ఆ ముసలమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. డబ్బాలు వెనక్కి తీసుకున్నాను, నూలు ఊరికే ఇప్పించాను. కానీ పెళ్లి వారంలోనే ఉంది. ఆ పిల్ల బజారు చీరతోనే పీటలెక్కింది.

మర్నాడే విడి నూలు అమ్మకం మొదలుపెట్టి, తప్పు నాదేనని పైఆఫీసుకి రాశాను. ఒకే దుకాణం ఉన్న ఊళ్ళో సరుకు అమ్ముడుపోవడం సరుకు నచ్చిందనడానికి రుజువు కాదు. కలిపి అమ్మేవాడు విడిగా కూడా అమ్మాలి. వద్దనే వీలు ఉండి కూడా ఎంతమంది కొన్నారన్నదే రిపోర్టులో రాయదగ్గ అమ్మకం.