గాల్లో గంటన్నర

మొన్న గన్నవరం విమానాశ్రయంలో, మూసేసిన కౌంటరు ముందు ఉన్నవి: పెదనాన్న, పెద్దమ్మ, రెండు సూట్‌కేసులు, ఒక పూతరేకుల పెట్టె, ఆ సాయంత్రం హైదరాబాదులో చేపల రైతులు ఆయనకు చేయబోయే సన్మానం తాలూకు ఆహ్వానపత్రం. ఇవన్నీ ఆయనే ఫోనులో అరిచి చెప్పారు. వట్లూరులో మా ఇంట్లో కూర్చుని విన్నాను. విన్నంతసేపూ సంతోషించాను, దాచను.

నేను పాలిటెక్నిక్ పూర్తిచేసిన ఏడాది, కొల్లేటి పక్కన నాన్నకూ పెదనాన్నకూ ఉమ్మడిగా ఉన్న చెరువులోకి కలకత్తా చేపపిల్లల్ని విశాఖ దాకా విమానంలో, అక్కణ్ణించి వ్యానులో తెప్పించారు. నీళ్లూ ఆక్సిజనూ నింపి కట్టిన కవర్లు. కవరు నిండా వేస్తే పన్నెండు గంటలు దాటాక పిల్లలు బతకవు, పలచగా వేస్తే ఆక్సిజను ఇంకాసేపు వస్తుంది. నేను కాగితం మీద వరుసగా రాసిచ్చాను: హేచరీ నుంచి విమానాశ్రయానికి రెండు గంటలు, సరుకు అప్పగించి ఎదురుచూడటానికి మూడు, గాల్లో గంటన్నర, దించుకోవడానికి గంటన్నర, చెరువుకు ఆరు. మొత్తం పద్నాలుగు. కాబట్టి కవరుకు సగం పిల్లలే వేయించమన్నాను.

పెదనాన్న దాన్ని గట్టు మీద పదిమంది ముందు చదివి నవ్వారు. "విమానం గంటన్నరేరా! ఎడ్లబండి అనుకున్నావేంటి?" కవర్లు నిండుగానే వేయించారు.

మొదటి కవరుకు చిన్నతిరుపతి మెట్ల దగ్గర బొట్టు పెట్టాకే పిల్లల్ని చెరువులో వదలడం మా ఇంటి ఆనవాయితీ. తాడేపల్లిగూడెం నుంచి పిల్లలు వచ్చే రోజుల్లో అది చెల్లింది. ఆసారి కూడా ఆయన భీమడోలు దగ్గర వ్యానును గుడికి తిప్పించారు. ఇంకో గంటన్నర.

కవర్లు విప్పితే పిల్లలన్నీ తెల్లగా తేలాయి. "లెక్క నీ కొడుకే వేశాడు కదరా, డిప్లొమా చదివాడని నమ్మాను" అన్నారు పెదనాన్న నాన్నతో. కాగితం ఆయన జేబులోనే ఉంది. అన్నగారి మాటకు ఎదురుచెప్పడం ఎరగని నాన్న ఆ రోజు నుంచి నన్ను గట్టు ఎక్కనివ్వలేదు. ఆ కాగితంలో ఏముందో తెలియకుండానే పోయారు.

పోయిన వారం, మొదటిసారి విమానం ఎక్కబోతున్న పెదనాన్న ఫోను చేసి, హైదరాబాదుకు ఎంతసేపురా అని అడిగారు. సుమారు రెండువందల యాభై కిలోమీటర్లు, గాల్లో గంటండీ అన్నాను. "అంతేనా! పదకొండూ ముప్పావుకి కదా, పదింటికి టిఫిన్ చేసి బయల్దేరతాం" అన్నారు. వాళ్లుండే ఏలూరు నుంచి గన్నవరం గంట. కౌంటరు మూసేది విమానం లేవడానికి గంట ముందు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"ముందే చెప్పొచ్చు కదరా!" అని అరిచారు మొన్న కౌంటరు ముందు నుంచి.

"మీరడిగింది విమానం సంగతే కదండీ, పెదనాన్నగారూ."

ఇప్పుడు ఏ రెండు ఊళ్ల మధ్య దూరమైనా ఫోనే చెబుతోంది, వరుసగా కాగితం మీద రాసుకునే నాలాంటివాళ్ల అలవాటు ఎవరికీ పట్టదు. నాన్న ఉంటే ఈ కబురు చెప్పి, ఆనాటి లెక్క కూడా అంకె అంకె చదివి వినిపించేవాణ్ణి.

పెదనాన్న కౌంటరు దగ్గరికి చేరింది పదిహేను నిమిషాలు ఆలస్యంగా.