చూపే మనిషి కోసం నలభై రోజులు

కోర్టు కొలువులో ముప్పై ఏళ్ళు గడిచాక, రిటైరు కావడానికి ఏడాదిన్నర ముందు, అనంతపురం వైపు ఒక కోర్టుకు నన్ను నాజరుగా వేశారు. సమన్లు బట్వాడా చేసే అమీనాలంతా నాజరు చేతికింద ఉంటారు. ఎవరికి ఏ కాగితం ఎప్పుడు అందిందో రిజిస్టరులో రాయించడం నా పని. ఆ రిజిస్టరు విషయంలో నాది మరీ చాదస్తమని అమీనాలు చాటుగా నవ్వుకునేవారు. నిజమే.

ఆ వేసవిలో ఢిల్లీ న్యాయశాఖ ద్వారా ఐర్లండు నుంచి ఒక కవరు వచ్చింది. అక్కడ నర్సుగా పనిచేసే సునీత భర్త మీద వేసిన విడాకుల కేసు తాలూకు సమన్లవి. భర్తకు ఉద్యోగం జర్మనీలో. తల్లికి జబ్బని సెలవు పెట్టి, రాప్తాడు దగ్గర సొంతూరికి వచ్చి ఉన్నాడు. చిరునామా డోరు నంబరుతో సహా ఉంది.

మా కోర్టులన్నిటా ఒక వాడుక ఉండేది. ప్రతివాదిని గుర్తుపట్టి చూపడానికి వాది తరఫు మనిషి వస్తేగాని అమీనా కదలడు. ఒకే పేరుతో ఊరికి నలుగురుంటారు కాబట్టి అది మంచి జాగ్రత్తే. కానీ ఐర్లండు నుంచి చూపే మనిషి ఎవరొస్తారని నేను ఆలోచించలేదు. 'మనిషి రాలేదు' అని రాసి కవరు బీరువాలో పెట్టాను. నలభై రోజులు అది అక్కడే ఉంది. చివరికి అమీనాను పంపితే, భర్త అప్పటికే జర్మనీ వెళ్ళిపోయాడు. సమన్లు వాపసు పంపాం.

రెండు నెలలకు సునీత తండ్రి ఓబులేసు ముదిగుబ్బ నుంచి వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. ఐర్లండు వకీలు రాసిన ఉత్తరం తెచ్చి నా టేబులు మీద పెట్టాడు. అది చదివాక నాకు అసలు సంగతి తెలిసింది. భర్త వెళ్ళగానే జర్మనీలో తానూ విడాకుల కేసు వేశాడు. యూరప్ నిబంధనల ప్రకారం ఒకే తగవు రెండు దేశాల కోర్టులకు వెళితే, ముందు దాఖలైన కేసే నడుస్తుంది, రెండోది ఆగాలి. ముందు దాఖలైంది సునీతదే. అయితే సమన్లు అందించడానికి తన వంతు పనులన్నీ ఆమె చేసి ఉండాలి. చేయలేదు కాబట్టి ఆమె దాఖలు తేదీ చెల్లదని భర్త వకీలు వాదన. అది నెగ్గితే, నాలుగేళ్ళ పాపతో ఆమె భాష రాని దేశంలో కోర్టు చుట్టూ తిరగాలి. సమన్లు ఎందుకు అందలేదో మా కోర్టు రాసివ్వాలి.

జరిగింది ఓబులేసుకు చెప్పాను.

"నన్ను రమ్మని ఎవురు చెప్పినారు సార్? చెప్పింటే ఆ పొద్దే వచ్చి ఇల్లు చూపిస్తాంటి కదా. నా బిడ్డ తప్పు యాడ ఉండాది దీంట్లో?" అన్నాడు.

నాకు సిగ్గేసింది.

మా సూపరింటెండెంటు నా మంచి కోసమే ఒక దారి చెప్పాడు. 'చిరునామా అసంపూర్ణం' అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు. ఎవరికీ అంటే మా ఆఫీసులో ఎవరికీ అని. చిరునామా సరిగ్గా ఇవ్వడం వాది బాధ్యత కాబట్టి, ఆ ముక్కతో తప్పంతా సునీత మీదికి పోతుంది. పెన్షను ముంగిట్లో మెమో అంటే నాకూ భయమే. రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు.

మూడో రోజు రాశాను. కవరు అందిన తేదీ వేసి, చిరునామా పూర్తిగా ఉందని, వాది చేయాల్సింది ఏదీ మిగల్లేదని, ఆలస్యం నాజరుదేనని. జడ్జిగారు రెండుసార్లు చదివి, ఇది పంపితే మీ మీద చర్య తప్పదన్నారు. తెలుసునన్నాను. ఆయన సంతకం చేశారు. తర్వాత నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు.

ఆరు నెలలకు ఓబులేసు మళ్ళీ వచ్చాడు. జర్మనీ కోర్టు తప్పుకుందని, కేసు ఐర్లండులోనే నడుస్తుందని చెప్పాడు. సమన్లు కూడా జర్మనీలోనే భర్తకు అందాయట.

"ఇంగ ఆ ఇల్లు చూపించే పని లేదు కదా సార్," అన్నాడు.

లేదన్నాను.

ఆ వాడుక చట్టంలో ఎక్కడుందో ఆ తర్వాత వెతికాను. ఇల్లు చూపిన మనిషి ఉంటే అతని పేరు రాయమని ఉంది. అతను వచ్చేదాకా ఆగమని ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళు నేను దాన్ని చట్టమనుకునే పనిచేశాను. ఆ ముప్పై ఏళ్ళలో బీరువాల్లో ఆగిపోయిన మిగతా కాగితాల తాలూకు వాళ్ళెవరూ నన్ను అడగడానికి రాలేదు.