వియ్యంకుడుగారి ఎర్ర కారు

మొన్న హీటర్లు మొదలుపెట్టిన రోజు, మా గరాజ్ గదిలో అద్దెకుండే అమ్మాయి పైకొచ్చి, "అమ్మమ్మగారూ, గదిలో పెట్రోల్ వాసన వస్తోంది. ఏదైనా లీకేమో అంకుల్‌ని చూడమనండి" అంది. మా అల్లుడు వెళ్ళి మూలమూలా వాసన చూసి, ఏమీ లేదని తేల్చాడు. నేనూ వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఏమీ లేకపోవడమేమిటి! గోడలకి రంగులు వేశారు, నేల మీద పలకలు పరిచారు. కానీ అన్నేళ్ళు సిమెంటు తాగిన నూనె ఎక్కడికి పోతుంది? అక్కడ ఉండేది మా వియ్యంకుడుగారి కారు.

వియ్యంకుడుగారంటే మా అల్లుడి తండ్రి. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే ఇంట్లో ఉంటున్నారంటే మన వైపు నవ్వుతారేమో, కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లో అదేం వింత కాదు. ఆయనకి భార్య లేదు, నాకు భర్త లేడు. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకి పోతే ఇంట్లో మిగిలేది మేమిద్దరం, గరాజ్‌లో ఆ ఎర్ర కారు. ఆయన వయసులో ఉండగా ఇంగ్లండులో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేశారు. ఎనభైల్లో అక్కడ కొన్న చిన్న కారు అది. వెనక తలుపు మొత్తం పైకి లేచేది. ముందు నుంచి చూస్తే అగ్గిపెట్టెకి కళ్ళు పెట్టినట్టుండేది. కెనడా వచ్చేటప్పుడు సామానంతా అక్కడివాళ్ళకి పంచిపెట్టి, దాన్ని మాత్రం ఓడ మీద తెప్పించుకున్నారు.

కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు అందులో మిగిలింది రంగొక్కటేనని మా అమ్మాయి అనేది. ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్ ఒకటి ఉండే చోట రెండు పెట్టారు. ఇంజన్ పైభాగం విప్పి, గాలి వెళ్ళే దారులు నున్నగా అరగదీశారు. వెడల్పు చక్రాలు వేసి, కారుని నేలకి దగ్గరగా దించారు. చలికాలమంతా విప్పడం, వేసవంతా తిప్పడం. నా పచ్చడి సీసా ఖాళీ అయితే చాలు, పట్టుకుపోయి అందులో నట్లో వాషర్లో పోసి, పైన తెలుగులో పేరు అంటించేవారు. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఈ దేశంలో బయటికెళితే చదవడానికి నాకేం దొరికేది కాదు. అందుకని గరాజ్‌లోకి వెళ్ళి, 'సన్న నట్లు', 'ఇత్తడి సూదులు', 'పనికిరానివి' అని కూడబలుక్కునేదాన్ని. అన్నిటికన్నా పెద్ద సీసా 'పనికిరానివి'.

ఆ రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చాలట. దానికి మీటర్లున్నాయిగానీ ఆయన నమ్మేవారు కాదు. రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన ఒకదాని నోటి దగ్గరా మరొకదాని నోటి దగ్గరా మార్చి మార్చి పెట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. బుస రెండింట్లో ఒక్కలా వచ్చేదాకా స్క్రూలు తిప్పుతూనే ఉండేవారు. ఒక్కోసారి గొట్టం నా చేతికిచ్చేవారు. "ఎడమది గురక పెడుతోంది అన్నయ్యగారూ" అంటే పొంగిపోయేవారు. స్టీరింగ్ మన దేశంలోలా కుడివైపు ఉండటంతో, కారు దిగకుండానే కాఫీ కొనుక్కునే కొట్టు కిటికీ దగ్గర ఆపితే, కిటికీ వైపు ఉండి ఆర్డరు చెప్పేది నేను. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ కిటికీ దగ్గర నేర్చుకున్నదే.

ఆ రోజుల్లోనే స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడ్డారు. ఏ బస్టాపులో చూసినా బ్యాక్‌ప్యాకులే, ఏ బేస్‌మెంట్ చూసినా నేల మీద వరసగా పరుపులే. మా బేస్‌మెంట్ కూడా నిండిపోయింది. మంచు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఇద్దరమ్మాయిలు సూట్‌కేసులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకమ్మాయిది ఖమ్మం, ఒకమ్మాయిది తెనాలి. వాళ్ళకిస్తానన్న గది ఇంటివాళ్ళు ఇంకెవరికో ఇచ్చేశారు. "చోటెక్కడుంది?" అన్నాడు మా అల్లుడు. వియ్యంకుడుగారు వాళ్ళ సూట్‌కేసులు లోపలికి లాగుతూ, "ఇంగ్లండు వెళ్ళిన కొత్తలో పగలు డ్యూటీవాడు లేచిన పక్కలో రాత్రి డ్యూటీ చేసొచ్చి నేను పడుకునేవాణ్ణిరా. వెచ్చగా ఉండేది. గరాజ్ ఇవ్వండి" అన్నారు. ఆ వారంలోనే కారుని ఆయనే బయటికి తెచ్చి ఇంటి ముందు పెట్టారు. "దానికేం, ఒక కోటు తొడిగితే సరి" అని పల్చటి గుడ్డ ఒకటి కప్పారు.

అమ్మాయిలకి ఆ గుడ్డ ఆనలేదు. తమ కోసం బయటపడ్డ కారు చలికి ఏమైపోతుందోనని వాళ్ళకి దిగులు. తాము పనిచేసే వేర్‌హౌస్ నుంచి మందపాటి ప్లాస్టిక్ పట్టాలు తెచ్చి, లోపల దుప్పట్లు పెట్టి, చుట్టూ తాళ్ళు బిగించారు.

"గట్టిగ కట్టినం తాతా. ఇగ గాలి గూడ దూరదు!" అంది ఖమ్మం పిల్ల.

"మా తాతయ్యకే లేదు ఇంత పెద్ద స్వెట్టరు" అంది తెనాలి పిల్ల.

"చాలా బాగుందమ్మా" అన్నారాయన.

లోపలికొచ్చాక నాతో అన్నారు, "చెల్లెమ్మా, ఇనుముకి చలితో భయం లేదు. చెమ్మతోనే. గాలాడకపోతే కుళ్ళిపోతుంది."

"ఆ మాటే వాళ్ళతో చెప్పండి మరి!"

"ఆ పట్టాల లోపల ఉన్న రగ్గు చూశావా? ఆ ఖమ్మం పిల్లకి వాళ్ళమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిందట. నీకు చలేస్తుంది, తీసుకో అన్నాను. గరాజ్‌ల నాకు హీటర్ ఉంది తాతా, పాపం దానికేముంది, అంది. ఏమని చెప్పను?"

అప్పటి నుంచి ఆయన పగలు వెళ్ళి రెండు కొసలు వదులు చేసి వచ్చేవారు. పిల్లలు డ్యూటీ నుంచి వచ్చి, "గాలికి ఊడినట్టుంది తాతయ్యా, మళ్ళీ కట్టేశాం" అనేవారు. ఆయన థాంక్స్ చెప్పేవారు. నాకు నవ్వొచ్చేది. తర్వాత ఆయన దగ్గుతో మంచం పట్టారు. కొసలు విప్పేవాళ్ళు లేకపోయారు. కిటికీలోంచి చూస్తే మంచు కింద మూటలా ఉండేది కారు. నేను వెళ్ళి విప్పుతానంటే, "వద్దమ్మా, జారిపడతావు" అనేవారు.

మంచు కరిగాక ఆయనే పట్టాలు తీశారు. రగ్గు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అడుగున అప్పటికే అతుకులున్న కారు. లోపలి చాప ఎత్తి బొటనవేలితో నొక్కితే, తుప్పుపట్టిన రేకులోంచి వేలు నేరుగా కిందికి దిగిపోయింది. ఆయన ఆ వేలిని తీసి చొక్కాకి తుడుచుకున్నారు, అంతే. కారుని తీసుకుపోవడానికి పాత ఇనుము వాళ్ళ లారీ వచ్చిన రోజు అమ్మాయిలిద్దరూ పనికి పోకుండా పక్కనే నిలబడ్డారు.

"మేం కప్పినందుకే గద తాతా, ఈ చలికాలమన్న ఆగింది?" అంది ఖమ్మం పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

"అవునమ్మా. మీరు కప్పబట్టే ఆగింది" అన్నారాయన.

గరాజ్‌లో వాళ్ళుండగా ఆయన మళ్ళీ ఎన్నడూ అక్కడికి వెళ్ళలేదు. సాయంత్రాలు డ్రైవ్‌వేలో ఆ ఖాళీ చోట కుర్చీ వేసుకుని, వీధిలో వెళ్ళే కార్ల చప్పుడు వింటూ కూర్చునేవారు. బాగాలేని ఇంజన్ వినిపిస్తే నా వైపు చూసేవారు. ఆ వేసవి గడవకుండానే పోయారు. అమ్మాయిలిద్దరికీ ఇప్పుడు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పెళ్ళిళ్ళయ్యాయి. పండక్కి వచ్చినప్పుడల్లా, తాత కారుని ఆఖరి చలికాలం తామెలా కాపాడారో భర్తలకి చెబుతారు. నేను కాఫీలు అందిస్తూ అవునవునంటాను. మొదట్లో ఆ 'అవును' అనేసి చప్పున వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ ఏమైందోగానీ, అది అబద్ధమంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.