నాజిల్ ఊదే బాజీ

నకరికల్లు అడ్డరోడ్డులో పురుగుమందు కొట్టే పంపులు బాగుచేసే బాజీ సాయిబుకి ఒక అలవాటు. పత్తి చేల నుంచి ఏ పంపు వచ్చినా ముందు నాజిల్ ఊడదీసి, లుంగీ అంచుతో తుడిచి, నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగేలా ఊదుతాడు. అడ్డుపడ్డ నలుసు ఎగిరిపోయాక చేదు ఉమ్మేసి బీడీ ముట్టిస్తాడు. సూదితో పొడిస్తే బెజ్జం సాగి మందు ధారగా పడుతుందని అతని భయం. ఈమధ్య ఆ ఊపిరే చాలడం లేదు. రాత్రంతా నిద్రపోయినా, పొద్దున్నే బస్తాలు మోసొచ్చినవాడిలా గోడకి చేరగిలబడతాడు. పేట ఆసుపత్రిలో డాక్టరు గుండె చూశాడు, రక్తం చూశాడు, జబ్బేమీ లేదని బలానికి సూదులు పొడిచాడు. "ఈ పురుగుమందు వల్లేమో అయ్యా" అంటే, "తాగావా ఏంది?" అని నవ్వాడు. ఇరుగుపొరుగు మాత్రం బద్ధకమని తేల్చేశారు.

ఆ పూట పత్తి రైతు చలమయ్య పంపు తెచ్చి దించాడు. "చేనంతా తెల్లదోమ కమ్మింది సాయిబూ, తొందరగా చూడు."

బాజీ నాజిల్ ఊదాడు. నలుసు కదల్లేదు. మళ్లీ ఊదబోయి, కళ్లు తిరిగి కూలబడ్డాడు. టీ తెచ్చిన జుబేదా గ్లాసు కింద పెట్టి, మొగుడి చేతిలోంచి నాజిల్ తీసుకుంది. వద్దనాలని బాజీ నోరు తెరిచాడు. ఎందుకు వద్దో చెప్పడానికి అతని దగ్గర ఏ జబ్బు పేరూ లేదు. ఆమె కొంగుతో తుడిచి, పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదింది. నలుసు ఎగిరిపోయింది. చేదు ఉమ్మేసి, చలమయ్య వైపు తిరిగింది.

"ఊదాల్సినవి ఇంకేమన్నా ఉన్నాయా అన్నా?"